జనరల్ గారి పాతికేళ్ల లెక్క

హైదరాబాద్ నుంచి శంకర్‌పల్లి మీదుగా సంగారెడ్డి వైపు వెళ్తుంటే ఎద్దుమైలారం వస్తుంది. అక్కడ మనలాంటివాళ్లకు ప్రవేశం లేని ఓ పెద్ద ఫ్యాక్టరీ ఉంది. మెదక్ ఆయుధ కర్మాగారం. 1984లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. మూడేళ్లు తిరిగేసరికి అక్కణ్నుంచి ఓ బండి బయటికొచ్చింది. పేరు సారథ్. ట్యాంకులా గొలుసు చక్రాల మీద నడుస్తుంది. చెరువో కాలువో అడ్డొస్తే ఈదుకుంటూ అవతలి గట్టు ఎక్కుతుంది. ముందు 30 మిల్లీమీటర్ల ఫిరంగి, పైన శత్రువు ట్యాంకును ఛేదించే క్షిపణి (దాన్ని తయారుచేసేదీ ఆ చుట్టుపక్కలే, భానూరులోని భారత్ డైనమిక్స్‌లో), నడిపేందుకు ముగ్గురు, కడుపులో ఏడుగురు జవాన్లు. డిజైన్ రష్యావాళ్లది, బీఎంపీ-2 అంటారు. తయారీ మనది.

మరి భారత సైన్యానికి ఇలాంటి బళ్లు కావాలని ఎవరికి తోచింది? ఎప్పుడు?

జవాబు కోసం 1975కు వెళ్లాలి. ఆ ఏడాది ఢిల్లీలోని సైనిక ప్రధాన కార్యాలయం ముగ్గురు జనరళ్లను పిలిచి ఓ పని అప్పగించింది. 2000 సంవత్సరం నాటికి మన సైన్యం ఎలా ఉండాలో ఇప్పుడే తేల్చి చెప్పండి... ఇదీ ఆ పని. కమిటీకి అధ్యక్షుడు ఓ తెలుగువాడు. లెఫ్టినెంట్ జనరల్ కోటికలపూడి వెంకట కృష్ణారావు. ఆరేళ్ల తర్వాత ఆయనే సైన్యాధిపతి అయ్యారు.

యుద్ధంలో గెలిచినవాళ్లను మనం గుర్తుపెట్టుకుంటాం. వీధులకు పేర్లు పెడతాం, విగ్రహాలు నిలబెడతాం. ఓ గదిలో కూర్చుని పాతికేళ్ల తర్వాతి యుద్ధం గురించి ఆలోచించినవాళ్లకు ఆ యోగం ఉండదు. వాళ్లు రాసింది రక్షణశాఖ బీరువాలోకి వెళ్లిపోతుంది. ఫలితం వచ్చేసరికి వాళ్లు రిటైరై ఉంటారు. కృష్ణారావు గురించి చెప్పుకోవలసినవి చాలా ఉన్నా, ముందుగా ఆ గది గురించే చెప్పుకోవాలి.

యుద్ధాల మధ్య పెరిగినవాడు

1923 జులైలో పుట్టిన కృష్ణారావు 1942 ఆగస్టులో, అంటే పందొమ్మిదేళ్ల వయసులో సైన్యంలో అధికారిగా చేరారు. చేరింది మహార్ రెజిమెంట్‌లో. ఆ రెజిమెంట్ అప్పటికి ఏడాది నిండని పసిబిడ్డ. మహార్లను మళ్లీ సైన్యంలోకి తీసుకోవాలని అంబేద్కర్ పట్టుబట్టగా 1941లో ఏర్పడింది. పెద్ద పేరూ పాత చరిత్రా లేని చోట మొదలైన ఈ కుర్రాడు ఆ రెజిమెంట్ నుంచి సైన్యాధిపతి అయిన మొదటి వ్యక్తి అవుతాడని అప్పట్లో ఎవరూ ఊహించి ఉండరు.

రెండో ప్రపంచయుద్ధంలో బర్మా. ఆ తర్వాత వాయవ్య సరిహద్దు, బలూచిస్థాన్. దేశ విభజన నాటికి పంజాబ్. 1947-48లో కశ్మీర్ యుద్ధం. జాతీయ రక్షణ అకాడమీ తొలినాళ్లలో అక్కడ పాఠాలు చెప్పినవారిలో ఆయనా ఒకరు. 1965 యుద్ధ కాలంలో సైనిక ప్రధాన కార్యాలయంలోని మిలిటరీ ఆపరేషన్స్ విభాగంలో డిప్యూటీ డైరెక్టర్. ఆ మరుసటి ఏడాది లద్దాఖ్‌లో బ్రిగేడ్ కమాండర్.

ఇక 1971. బంగ్లాదేశ్ యుద్ధంలో కృష్ణారావు 8వ పర్వత డివిజన్‌కు అధిపతి. అప్పటిదాకా నాగాలాండ్, మణిపూర్ కొండల్లో తిరుగుబాటుదారులతో తలపడుతున్న డివిజన్ అది. దాన్ని సిల్హెట్ వైపు నడిపించారు. ఆ పోరులో ఓ ఘట్టం మన సైనిక చరిత్రలో నిలిచిపోయింది. డిసెంబరు 7న గూర్ఖా రైఫిల్స్‌కు చెందిన ఓ బెటాలియన్‌ను హెలికాప్టర్లలో తీసుకెళ్లి శత్రువు వెనకాల దించారు. మన సైన్యం అలా చేయడం అదే మొదటిసారి. పట్నంలో పెద్దగా శత్రుసేన లేదనుకున్నారు. తీరా దిగాక చూస్తే రెండు బ్రిగేడ్లున్నాయి! రెండు రోజుల్లో మిగతా సేన వచ్చి కలుస్తుందన్నారు. అదీ కుదరలేదు. ఆ కొద్దిమంది గూర్ఖాలే వారానికి పైగా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డారు. చివరికి సిల్హెట్‌లోని వేలమంది పాకిస్థానీ సైనికులు లొంగిపోయారు. కృష్ణారావుకు పరమ విశిష్ట సేవా పతకం వచ్చింది.

కాలినడకన పోయే సేనకూ రెక్కలో చక్రాలో ఉన్న సేనకూ తేడా ఎంతో ఆయన కళ్లారా చూసింది అక్కడే. నాలుగేళ్ల తర్వాత ఆయన రాసిన నివేదికకు సిల్హెట్‌లోనే బీజం పడిందని రుజువు చూపించలేం కానీ, అనుకోకుండా ఉండలేం.

ముగ్గురు... ఒక గది

1962లో చైనా చేతిలో దెబ్బతిన్నాక మన సైన్యం గబగబా పెరిగింది. ఎనిమిది లక్షల పాతికవేల మంది, పాతిక డివిజన్లు... 1964లో వేసుకున్న లెక్క అది. తల ఉంటే చాలన్నట్టు చేర్చుకుంటూ పోయారు. అప్పటి అవసరం అలాంటిది, తప్పుపట్టలేం. కానీ 1965లో, 1971లో పశ్చిమ సరిహద్దులో ఓ లోపం బయటపడింది. ట్యాంకులు ముందుకు దూసుకెళ్తాయి. వాటి వెంట వెళ్లాల్సిన పదాతి దళం లారీల్లోనో, కాలినడకనో వెనక పడిపోతుంది. లారీ పొలాల్లోకి దిగలేదు, తూటాకు నిలవలేదు. పక్కన సిపాయి లేని ట్యాంకు, మావటి లేని ఏనుగుతో సమానం.

ఇంతలో 1973 అక్టోబరులో అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం వచ్చింది. ఒక మనిషి మోసుకెళ్లగలిగే క్షిపణులతో ఈజిప్టు సైనికులు సినాయ్ ఎడారిలో ఇజ్రాయెల్ ట్యాంకులను వరసబెట్టి కూల్చారు. ఒంటరిగా ముందుకెళ్లిన ట్యాంకులకు ఆ గతి పట్టింది. ప్రపంచంలోని సైన్యాలన్నీ ఉలిక్కిపడి తమ లెక్కలు తిరగేసుకున్నాయి. మన కమిటీ కూర్చున్నదీ ఆ నేపథ్యంలోనే.

అప్పటికి కృష్ణారావు జమ్ము ప్రాంతంలో కోర్ కమాండర్. కమిటీలో ఆయన వెంట ఇద్దరు మేజర్ జనరళ్లు. ఒకరు ఎం.ఎల్.ఛిబ్బర్. మరొకరు కె.సుందర్జీ, ఈయనా మహార్ రెజిమెంట్ మనిషే. ఈ ముగ్గురి తర్వాతి చరిత్ర చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. కృష్ణారావు 1981లో సైన్యాధిపతి అయ్యారు. ఛిబ్బర్ ఉత్తర కమాండ్ అధిపతిగా 1984 ఏప్రిల్‌లో సియాచిన్ మీద మన జెండా ఎగరేసిన ఆపరేషన్ మేఘదూత్ నడిపించారు. సుందర్జీ 1986లో సైన్యాధిపతి. ఎవరో ఎంచి మరీ కూర్చోబెట్టారు!

ఇంతకీ పాతికేళ్ల ముందు ఆలోచించడం అంత అవసరమా అంటే... ఇల్లు కట్టేవాళ్లను అడగండి. పైన ఇంకో అంతస్తు వేస్తామా లేదా అన్నది పునాది తవ్వేరోజే తేల్చుకోవాలి. సైన్యమూ అంతే. ఈరోజు కొన్న ట్యాంకు ముప్ఫై నలభై ఏళ్లు ఉంటుంది. అది పనికిరానిదైతే ఆ ముప్ఫై ఏళ్లూ అనుభవించాల్సిందే. 1975లో భుజం మీద ఒక నక్షత్రంతో చేరిన కుర్రాడు ఓ బ్రిగేడ్‌ను నడిపే స్థాయికి వచ్చేసరికి ఇంచుమించు 2000 వస్తుంది. అతనికి ఏ శిక్షణ ఇవ్వాలో చేరిన నాడే తెలియాలి. ఫ్యాక్టరీ పెట్టాలన్నా, రైలు మార్గం వేయాలన్నా, మందుగుండు డిపో కట్టాలన్నా ఏళ్లు పడుతుంది. శత్రువు మాత్రం నోటీసు ఇచ్చి రాడు.

ఆ నివేదిక రక్షణ రహస్యం, అచ్చేసి పంచేది కాదు. కానీ దాని సారాంశం తర్వాతి రచనల్లో, అంతకన్నా ఎక్కువగా సైన్యంలో వచ్చిన మార్పుల్లో కనిపిస్తుంది. సైన్యం పరిభాషలో పోరాడే దళాలను పళ్లు అంటారు. వాళ్లకు తిండి, మందుగుండు, మందులు, ఉత్తరాలు అందించే దళాలను తోక అంటారు. తోక లేనిదే పని జరగదు. కానీ తోక పెరిగి పెరిగి జంతువు కదల్లేని స్థితికి రాకూడదు. తలలు లెక్కపెట్టడం మాని పళ్ల పదును చూసుకోమంది కమిటీ. పదాతి దళంలో కొంత భాగాన్ని ట్యాంకులతో సమానంగా పరుగెత్తే కవచ వాహనాల్లోకి ఎక్కించాలంది. అంతా ఒక్కసారిగా కాదు, దశలవారీగా. ఖజానాలో డబ్బు ఎంతో ఎరిగినవాళ్లు రాసిన కాగితం అది.

పేరు వదులుకున్న పటాలాలు

కాగితం మీద మార్పు అనడం తేలిక. దాని బరువు మోసేది మనుషులు.

1979 ఏప్రిల్‌లో మెకనైజ్డ్ ఇన్‌ఫెంట్రీ రెజిమెంట్ ఏర్పడింది. అంటే కవచ వాహనాల్లో వెళ్లి పోరాడే పదాతి దళం. కేంద్రం మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్, ఇప్పుడు అహిల్యానగర్ అంటున్నారు. అప్పటికి కృష్ణారావు ఢిల్లీలో సైన్యానికి ఉప అధిపతి. ఈ రెజిమెంట్‌కు కొత్తవాళ్లను చేర్చుకోలేదు. పాత రెజిమెంట్ల నుంచి పేరున్న బెటాలియన్లను తెచ్చి ఇందులో కలిపారు. మద్రాస్ రెజిమెంట్ మొదటి బెటాలియన్ 1776లో పుట్టింది. రెండు వందల ఏళ్ల పేరు. అది కొత్త రెజిమెంట్‌లో మొదటి బెటాలియన్ అయింది. 1947 అక్టోబరు 27న శ్రీనగర్ విమానాశ్రయంలో దిగి కశ్మీర్ లోయను కాపాడిన మొదటి సిఖ్ బెటాలియన్ కూడా ఇందులోకే వచ్చింది. 1962లో పాంగాంగ్ సరస్సు ఒడ్డున ధన్‌సింగ్ థాపా పరమవీరచక్ర తెచ్చిపెట్టిన గూర్ఖా బెటాలియన్ కూడా.

సైన్యంలో బెటాలియన్ పేరంటే ఇంటిపేరు. తాత అందులోనే, తండ్రి అందులోనే, కొడుకూ అందులోనే. టోపీ మీది గుర్తు, బ్యాండు పాట, పండుగ, మొక్కుకునే దేవుడు... అన్నీ అక్కడివే. ఉన్నట్టుండి ఒకరోజు ఆ టోపీ తీసి కొత్తది పెట్టుకోమంటే ఎలా ఉంటుంది? పెట్టుకున్నారు. పాత పేరును కొత్త పేరు పక్కన బ్రాకెట్లో రాసుకుని ఇప్పటికీ కాపాడుకుంటున్నారు. నివేదిక రాసినవారిని సన్మానించుకునేటప్పుడు ఇంటిపేరు వదులుకున్న ఈ జవాన్లకు కూడా ఒక దండ వేయాలి.

కుర్చీలో రెండేళ్లు

1981 జూన్ 1న కృష్ణారావు సైన్యాధిపతి అయ్యారు. 1983 జులై 31న దిగిపోయారు. రెండేళ్ల రెండు నెలలు. తాను గీసిన పటాన్ని తానే కట్టి చూపించడానికి ఆ కాలం ఏ మూలకీ చాలదు. పునాదులు పడ్డాయి, గోడలు లేచాయి. పైకప్పు వేసే అవకాశం సుందర్జీకి దక్కింది. ఆయన 1986 నుంచి 1988 దాకా సైన్యాధిపతి. బ్రాస్‌టాక్స్ పేరుతో రాజస్థాన్ ఎడారిలో జరిపిన భారీ విన్యాసాలు దేశదేశాల్లో వార్తలయ్యాయి. ఈనాటికీ సైన్యాన్ని యంత్రాల మీద ఎక్కించిన మనిషి ఎవరంటే అందరూ సుందర్జీ పేరే చెబుతారు. ఆయనకు ఆ పేరు న్యాయంగానే వచ్చింది. మాటకారి, దూకుడు మనిషి, పత్రికలకు ఇష్టుడు. కృష్ణారావు అలా కాదు. మితభాషి. కమిటీలో పెద్ద కుర్చీ ఎవరిదన్నది జనం మరిచిపోయారు.

లెక్క అంతా సరిగ్గా కుదిరిందా? లేదు. ఆ మాటా చెప్పుకోవాలి. పాతికేళ్ల ముందు జోస్యం చెబితే కొంత తప్పుతుంది. మైదానాల్లో, ఎడారిలో ట్యాంకులు ఢీకొనే యుద్ధం మళ్లీ రానేలేదు. వచ్చినవి వేరు. 1987లో శ్రీలంక అడవులు. 1989 నుంచి కశ్మీర్ గల్లీలు. 1999లో కార్గిల్ శిఖరాలు, నిటారు కొండమీదికి తాళ్లు పట్టుకుని పాకాల్సిన పని. అక్కడ బండి ఏం చేస్తుంది? అంత ఖర్చు పెట్టి కొన్న యంత్రాలు ఊరకే పడి ఉన్నాయని విమర్శించినవాళ్లున్నారు. ఆ యంత్రాలున్నాయి కాబట్టే మైదానం వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదని వాదించినవాళ్లూ ఉన్నారు. గొడుగు తీసుకెళ్లిన రోజు వాన రాకపోతే గొడుగు దండగ అనాలా అన్నది ఎప్పటికీ తెగని తగువు. ఈ రచయితకు మాత్రం రెండో వాదంలోనే బలం ఎక్కువ కనిపిస్తుంది.

కార్గిల్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఓ మాట. ద్రాస్ సెక్టార్‌లో తోలోలింగ్, టైగర్ హిల్ శిఖరాలను తిరిగి గెలుచుకున్నది 8వ పర్వత డివిజన్. 1971లో కృష్ణారావు సిల్హెట్‌కు నడిపించిన డివిజన్ అదే.

జమ్ములో ఓ గణతంత్ర దినం

రిటైరయ్యాక ఆయన విశ్రాంతి తీసుకోలేదు. 1984 నుంచి 1989 వరకు నాగాలాండ్, మణిపూర్, త్రిపుర రాష్ట్రాల గవర్నరు. అక్కణ్నుంచి 1989 జులైలో జమ్ముకశ్మీర్‌కు. ఎలాంటి సమయం! లోయలో తుపాకులు మోగడం మొదలైంది అప్పుడే. 1990 జనవరిలో తప్పుకున్నారు. 1993 మార్చిలో కేంద్రం మళ్లీ ఆయన్నే పంపింది. ఈసారి అయిదేళ్లకు పైగా ఉన్నారు. రాష్ట్రపతి పాలన కాబట్టి మొదటి మూడున్నరేళ్లూ పాలన భారమంతా ఆయనదే. సైన్యం, పారామిలిటరీ, పోలీసులు తలో దారిన పోకుండా ఒక్కచోట కూర్చుని నిర్ణయాలు తీసుకునే ఉమ్మడి కమాండ్ ఏర్పాటు 1993లో మొదలైంది.

ఆ ఏడాదే అక్టోబరులో హజ్రత్‌బల్ దర్గాలోకి మిలిటెంట్లు చొరబడ్డారు. నెల రోజుల ముట్టడి తర్వాత దర్గాకు దెబ్బ తగలకుండా వాళ్లు బయటికొచ్చారు. 1995 మేలో చరారే షరీఫ్‌లో మాత్రం అలా జరగలేదు. ఎన్నో వందల ఏళ్ల దర్గా కాలిపోయింది. ప్రభుత్వం మీద, గవర్నరు మీద విమర్శలు వెల్లువెత్తాయి. ఆ రెండింటినీ ఆయన పాలనలోంచి విడదీయలేం.

అంతకు ముందు, 1995 జనవరి 26. జమ్ములోని మౌలానా ఆజాద్ స్టేడియం. గణతంత్ర దినోత్సవ వేడుక. గవర్నరు ఉన్న వేదిక దగ్గరే, ముందుగా పాతిపెట్టిన బాంబులు పేలాయి. పలువురు చనిపోయారు. కృష్ణారావు వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు. అప్పటికి ఆయనకు డెబ్భై ఒకటి. ఆ తర్వాత కూడా పదవిలో కొనసాగారు. 1996లో ముందు లోక్‌సభకు, ఆ తర్వాత శాసనసభకు ఎన్నికలు జరిగాయి. అక్టోబరులో ఫరూక్ అబ్దుల్లా ముఖ్యమంత్రి అయ్యారు. ఆరేళ్ల తర్వాత రాష్ట్రంలో ప్రజా ప్రభుత్వం వచ్చింది.

మధ్యలో తీరిక దొరికినప్పుడు పుస్తకాలు రాశారు. 1991లో వచ్చిన 'ప్రిపేర్ ఆర్ పెరిష్' దేశ భద్రత మీద. పేరులోనే విషయం ఉంది: సిద్ధపడు, లేదా నశించు. పదేళ్ల తర్వాత తన జ్ఞాపకాలు అచ్చువేశారు, 'ఇన్ ద సర్వీస్ ఆఫ్ ద నేషన్' పేరుతో. మన పిల్లలు సైన్యంలో అధికారులుగా చేరాలనుకుంటే వాళ్ల చేతికివ్వదగిన పుస్తకాలు. తెలుగు చేసి ఇస్తే ఇంకా ఎక్కువమందికి అందుతాయి.

ఆయన 2016 జనవరి 30న ఢిల్లీలో కన్నుమూశారు. తొంభై రెండేళ్లు. సరిగ్గా పదిహేడు రోజుల ముందే బంగ్లాదేశ్ యుద్ధ వ్యూహకర్తల్లో ఒకరైన జనరల్ జేకబ్ పోయారు. ఆ తరం ఒక్క నెలలోనే ఇద్దరిని పోగొట్టుకుంది.

నాలుగేళ్లు గడిచాయి. 2020 వేసవిలో గల్వాన్ ఘర్షణ జరిగింది. చలికాలం రాకముందే మన సైన్యం లద్దాఖ్‌కు భారీగా బలగాలను తరలించింది. సెప్టెంబరులో పత్రికల్లో, టీవీల్లో ఫొటోలు వచ్చాయి. పద్నాలుగు వేల అడుగుల ఎత్తున, చెట్టూచేమా లేని నేల మీద దుమ్ము రేపుకుంటూ ట్యాంకులు. వాటి వెనకే, వాటితో సమానంగా పరుగెడుతూ బీఎంపీలు. 1966లో బ్రిగేడ్ కమాండర్‌గా కృష్ణారావు వెళ్లింది ఆ లద్దాఖ్‌కే.